పోలేరయ్య అప్పగించిన మైలు

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే రోడ్డుకు ఆ రోజుల్లో తారు లేదు. కంకర పరిచి, పైన ఎర్రమట్టి పోసి, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టిన రోడ్డు. గట్టి వాన పడితే కోసుకుపోయేది. ఎండలు ముదిరితే దుమ్మయి లేచేది. అందుకని మైలుకొక మనిషిని పెట్టి ఆ రోడ్డును బతికించుకునేవారు. తన మైలులో గుంట పడితే పూడ్చడం, పక్క కాలవలో పూడిక తియ్యడం, తూములో ఇరుక్కున్న చెత్త లాగడం, వాగు పారిపోయాక దానికడ్డంగా రాళ్ళు పరిచిన చప్టా మీద మేటవేసిన ఇసక ఎత్తిపొయ్యడం ఆ మనిషి పని. రోడ్డు బాగుంటే అతన్ని ఎవరూ తలుచుకోరు. బండి చక్రం దిగబడినప్పుడే ఆ మైలు ఎవడిదిరా అని అడుగుతారు.

పోలేరయ్యది వాగుచప్టా మైలు. అంటే ఆ దారిలో అందరూ వద్దనుకునే మైలు. కొండల మీద కురిసిన వానంతా అతని చప్టా మీదుగానే దిగేది. అతను యానాది. రోడ్డుకు కూతవేటు దూరంలో, చెరువు అలుగు కింద వాళ్ళ గుడిసెలుండేవి. ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే పనిలో చేరాడు. దిమ్మిస వేస్తే చప్పుడును బట్టి కింద మట్టి కరుచుకుందో లేదో తెలిసిపోయేది. మాటలు తక్కువ. ఉన్న మాటలు మాత్రం గడ్డపార దించినట్టుండేవి.

ఆ మైళ్ళ మనుషుల్లో ఒక కట్టుబాటుండేది. అది ఆఫీసు పెట్టింది కాదు. ఎవరైనా మైలు వదిలి పోవాలంటే, తీసుకునేవాణ్ణి వెంటబెట్టుకుని ఈ చివరి రాయి నుంచి ఆ చివరి రాయి దాకా నడవాలి. నీళ్ళెక్కడ నిలుస్తాయో, ఏ తూములో ఏ రాయి కదిలిందో, ఏ రైతు తన మడికి నీళ్ళు మళ్ళించుకోవడానికి రోడ్డు గట్టు తెగ్గొడతాడో అన్నీ చూపించాలి. ఆఖరి రాయి దగ్గర పార చేతికిచ్చి "అప్పగించినాను" అనాలి. అవతలివాడు "తీసుకున్నాను" అనాలి. అంతటితో సరి. అలా అప్పగించని మైలు మీద ఇంకొకడు పార వెయ్యడు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, నలభైరెండులో, రోడ్లు వెయ్యడం తెలిసినవాళ్ళు పట్టాళానికి కావాలని నెల్లూరులో మనుషుల్ని తీసుకుంటున్నారు. పోలేరయ్య పోదలుచుకున్నాడు. పోయే ముందు చెయ్యవలసింది చేశాడు. భార్య తిరుపాలమ్మ తమ్ముడు రోశయ్య అప్పటికి పనీపాటా లేక తిరుగుతున్నాడు. అతన్ని వెంటబెట్టుకుని మైలంతా నడిచాడు, చూపించాడు, పార ఇచ్చాడు. పై మైలు మనిషి పెంచలనరసయ్య సాక్షి. గ్యాంగు మేస్త్రీ చెంచయ్య రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తూ అంతా చూశాడు.

"పోయిరారా. మైలు యాడికీ పోదులే" అన్నాడు చెంచయ్య.

ఇంకేం కావాలి? మైలు అప్పగించాడు, తీసుకున్నవాడు తీసుకున్నాడు, మేస్త్రీ సరేనన్నాడు. ఆఫీసుకు పోయి ఇంకొకసారి చెప్పాలని పోలేరయ్యకు తోచనే లేదు. ఆ రోడ్డు మీద ఎవరికీ తోచి ఉండదు. చెంచయ్య చెబుతాడనుకున్నారు. చెంచయ్య చెప్పలేదు. బద్ధకమో, మరుపో. రెండేళ్ళ తర్వాత కలరా వచ్చి పోయాడు గనక అడిగేందుకూ లేకపోయింది.

పోలేరయ్య అస్సాం కొండల్లో రోడ్లు వేశాడు. అక్కడి వాన ముందు వాగుచప్టా వాన ఏపాటి అనేవాడు తర్వాత. రోడ్డు వేస్తుండగానే పైనుంచి బాంబులు పడేవి. ఒక బాంబు పెంకు అతని ఎడమకాలి పిక్కలోకి దిగింది. డాక్టరు దొరికినంత తీసి కుట్టు వేసి, "కొంచెం లోపలే ఉండిపోయింది. బాధపెడితే మద్రాసు మిలిటరీ ఆసుపత్రికి రా" అని పంపాడు. సంతకం చెయ్యడం కూడా అక్కడే నేర్చుకున్నాడు. యుద్ధం ముగిశాక నలభైఆరులో తిరిగొచ్చాడు. పట్టాళం నుంచి వచ్చినవాడని మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. కింద మైలు ముసలాయన అప్పుడే పని మానేశాడు కనక రోశయ్య అక్కడికి మారాడు. వాగుచప్టా మైలును బావకు తిరిగి అప్పగించాడు. పోలేరయ్య తన పాత పనిలో తాను చేరాననే అనుకున్నాడు.

మూడు వానాకాలాలు గడిచాయి. వానలు మొదలైతే కాలు ఎర్రబడేది, ఉబ్బేది, చీము కారేది. ఎండలు వస్తే మానేది. నలభైతొమ్మిదిలో మాత్రం మానలేదు. తిరుపాలమ్మ ఉమ్మెత్తాకు వెచ్చచేసి కట్టింది. వేపచెక్క కాచి కడిగింది. ఒకరోజు కట్టు విప్పి వాసన చూసి, ఆకు అవతల పారేసింది.

"మావా, ఇది ఆకులకి లొంగేది కాదు. మద్రాసు పో."

"పోవాలంటే సెలవు గావాల."

"అడుగు."

అడగడానికి ఆత్మకూరులోని రోడ్డు ఆఫీసుకు పోయాడు. అక్కడ ఓవర్సీరు రామనారాయణ. వింజమూరు వైపు భూములున్న ఇంటి కుర్రాయన. చెడ్డవాడు కాదు. రోడ్డు మీద నిలబెడితే రోడ్డును చూడకుండా చేతిలో కాగితాన్ని చూసే రకం.

"ఏందిరా పోలిగా, పని రోజున ఈడికొచ్చినావు?"

"సెలవు కావాలయ్యా. మద్రాసు పొయ్యి కోయించుకోవాల."

"కాలు కోయించుకుంటావా?"

"కాలు గాదయ్యా. కాల్లో ఇనుము. బాంబు పెంకు ముక్క ఉండాది లోపల. అది తీసేస్తే కాలు నిలబడతాది. లేకపోతే మీరన్నట్టు కాలే కోయించుకోవాల."

పక్క బల్ల దగ్గర గుమస్తా నారాయణయ్య నవ్వాడు. పోలేరయ్య నవ్వలేదు.

"నువ్వు అడిగేంత సెలవు నీకు రాదురా" అన్నాడు రామనారాయణ.

"ఉదయగిరి తాలూకాఫీసు బంట్రోతుకి వచ్చింది గదయ్యా. ఆయనా పట్టాళమే, నేనూ పట్టాళమే. యుద్ధంలో తగిలిన గాయానికి సెలవిచ్చినారంట, జీతంతో సహా."

"వాడు పాతోడు. చెప్పి పోయినాడు, తిరిగొచ్చినాడు. నువ్వు కొత్తోడివి. నలభైఆరులో చేరినావు."

"నేనా కొత్తోణ్ణి? మీరు బడికి పొయ్యే రోజుల్లోనే ఆ చప్టా నేను ఎత్తు చేసినాను."

"చేసుంటావు. కాదనటంలా. ఈడ మాత్రం వేరే ఉండాది." రామనారాయణ నారాయణయ్య చేత పాత రిజిస్టరు తీయించి వేలు పెట్టి చూపించాడు. "నలభైరెండులో నీ పేరు పక్కన ఏం రాసినారో చూడు. పరారీ."

పోలేరయ్య ఆ మాట విన్నాడు.

ఆ మాట అతనికి కొత్త కాదు. అతని నాయన రోజుల్లో వాళ్ళ గుడిసెల్లోని మగవాళ్ళు పొద్దుగుంకగానే పోలీసు స్టేషనుకు పోయి కనిపించి రావాలి. ఎవరే దొంగతనం చేసినా ముందు వీళ్ళ గుడిసెలే వెతికేవారు. పక్క ఊళ్ళో పెళ్ళికి పోవాలన్నా చెప్పి పోవాలి. చెప్పకుండా పోయినవాడి పేరు పక్కన రాసే మాట అదే. నాయన ఒకసారి జ్వరంలో పడి స్టేషనుకు పోలేకపోతే ఆ మాట రాశారు. గుడిసెలో చాప మీద పడున్న మనిషిని పరారీ అని రాసి, మర్నాడు వచ్చి ఆ చాప మీదనుంచే లాక్కుపోయారు. యానాదుల్ని పుట్టుదొంగలుగా లెక్కగట్టిన ఆ చట్టాన్ని సర్కారు ఎత్తేసి అప్పటికి ఎంతోకాలం కాలేదు.

"అయ్యా, నేను మైలు అప్పగించి పోయినాను" అన్నాడు చివరికి.

"ఎవురికి?"

"రోశయ్యకి. చెంచయ్య మేస్త్రీ చూసినాడు."

"చెంచయ్య లేడు గదరా. ఆఫీసుకి చెప్పినావా?"

"మైలు అప్పగించినాక ఆఫీసుకి చెప్పేదేందయ్యా?"

రామనారాయణ నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి మంచిగానే చెప్పాడు. "చూడు పోలిగా, రెండు దార్లు ఉండాయి. పరారీ అయినమాట నిజమే, నలభైఆరులో కొత్తగా చేరినాను అని రాసి సంతకం పెట్టు. జీతం లేకుండా సెలవు ఇప్పిస్తా. అది వద్దా, గమ్మున పొయ్యి రా. పై మైలు ఆయన అర మైలు, కింద మైలు మీ బామ్మర్ది అర మైలు చూసుకుంటారు. నేను హాజరు వేయిస్తా. నేను కళ్ళు మూసుకుంటా."

ఆ రోడ్డు మీద అందరూ చేసేది అదే. పెళ్ళికో, చావుకో, తిరణాలకో పోవాలంటే పక్క మైలు వాళ్ళు చెరి సగం చూసేవారు. ఓవర్సీరు కళ్ళు మూసుకునేవాడు. ఎవరికీ సెలవు అన్న మాటతో పని పడేది కాదు.

"అప్పుడు మళ్ళా పరారీనే గదయ్యా" అన్నాడు పోలేరయ్య. "మొదటిసారి మీరు ఉత్తినే రాసినారు. ఈసారి నిజంగా అయ్యి చూపించమంటుండారు."

లేచి వచ్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే తిరుపాలమ్మ చేపల బుట్ట ఒక పక్కన పెట్టి వింది. అతను పట్టాళంలో ఉన్న నాలుగేళ్ళూ చెరువులో వల వేసి, ఊళ్ళో చేపలమ్మి ఇల్లు నడిపిన మనిషి ఆమె. మొగుడి పౌరుషం ఎంత బరువో ఆమెకు తెలుసు. మోసింది ఆమే.

"సంతకం పెట్టి పో మావా. కాలు పోయినాక పాతోడివైతే ఏంది, కొత్తోడివైతే ఏంది?"

"పెట్టను."

"గమ్మునన్నా పో. రోశిగాడు చూసుకుంటాడు."

"పోను."

"మరి ఏం చేస్తావు? ఆ కుళ్ళిన కాలుని మైలురాయి పక్కన పూడ్చిపెడతావా?"

"నాయన్ని చాప మీంచి ఈడ్చుకుపోయినారు. నువ్వు చూళ్ళా. నేను చూసినా."

"మీ నాయన చచ్చిపొయ్యి ఎన్నాళ్ళైంది! నేను బతికుండా. నీకు కాలు ఉండాది, ఇంకా. నేను నీ కాలు గురించి మాట్లాడతుండా."

పోలేరయ్య పార తీసుకుని మైలు మీదికి పోయాడు. రెండు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆమే కట్టు విప్పి కడుగుతూ, "నేను చెప్పాల్సింది చెప్పినా. నువ్వు ఏం చేసినా ముందు నాకు చెప్పి చెయ్యి" అంది. అతను చెప్పాడు. ఆమె విని, కట్టు మామూలుకన్నా గట్టిగా బిగించింది.

ఏటా వానల తర్వాత వచ్చే ఇంజినీరు కార్తీకం చివర్లో వస్తున్నాడని కబురొచ్చింది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా వానలకు చెడిన రోడ్డు చూస్తాడు. ప్రతి మైలు వాడూ తన రోడ్డు నున్నగా చేసుకుంటున్నాడు. పోలేరయ్య మాత్రం ఆ రోజు తెల్లవారగానే గడ్డపార తీసుకుని చప్టా తవ్వడం మొదలుపెట్టాడు.

అది తవ్వవలసిన చప్టానే. వాగు దాని కింద మట్టిని లాక్కుపోయింది. పైన చూస్తే గట్టిగానే ఉంటుంది, కింద డొల్ల. పై రాళ్ళు లేపి, డొల్ల పూడ్చి, మళ్ళీ రాళ్ళు పరచాలి. ఆ రోజే తవ్వాలా అంటే, ఇంకో నాలుగు రోజులు ఆగొచ్చు. పోలేరయ్య ఆగదలుచుకోలేదు. రాళ్ళు లేపి ఒడ్డున వరసగా పేర్చాడు. మైలు మొదట్లో, ఆత్మకూరు వైపు రాయి దగ్గర, రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతాడు. రోడ్డు మూసినట్టు అదే గుర్తు. ఆ గుడ్డ పాతే హక్కు మైలు మనిషికుంది. దాన్ని దాటి బండి తోలే హక్కు ఎవరికీ లేదు, కలెక్టరుకైనా సరే.

జీపు వచ్చి ఎర్రగుడ్డ ముందు ఆగింది. రామనారాయణ ముందుగా దూకాడు.

"రేయ్! ఏందిరా ఇది? ఇయ్యాళా తవ్వేది? తియ్యరా ఆ రాళ్ళు!"

"తీస్తే బండి చప్టాలో పడతాది అయ్యా. తవ్వి పెట్టినా."

ఇంజినీరు దిగాడు. నలభై దాటిన మనిషి, తలకు టోపీ, చేతిలో కర్ర. కోపంగానే ఉన్నాడు. "చప్టా ఎంత దూరం?"

"మైలు నడిమిన ఉండాది సార్. చప్టా దాటినాక అవతలి రాయి కాడికి రోశయ్య బండి పిలిపించినాడు. ఎద్దుల బండి. మీరు ఇష్టపడితే దాంట్లో పోవచ్చు, లేదంటే సాయంత్రానికి చప్టా పూర్తయితాది, జీపు దాటిస్తా."

"అంటే మైలు నడవాలన్నమాట."

"అవును సార్. నేనూ వస్తాను. చూపించేది ఉండాది."

ఇంజినీరు ఒక్క నిమిషం అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కర్ర తిప్పుకుంటూ నడక మొదలుపెట్టాడు. వెనక రామనారాయణ గొడుగు పట్టుకుని. ఆ వెనక, పిలవకుండానే, పై మైలు పెంచలనరసయ్య.

పోలేరయ్య ముందు నడిచాడు. కుంటుతూ నడిచాడు. తొందరపడలేదు. అతని కాలు ఎంత వేగం పోగలిగితే ఇంజినీరూ అంత వేగమే పోవలసి వచ్చింది. దారిలో కాలు గురించి గానీ, సెలవు గురించి గానీ ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు గురించే మాట్లాడాడు.

"ఈడ నీళ్ళు నిలుస్తాయి సార్. ఎంత మట్టి పోసినా నిలుస్తాయి. పోసే మట్టి ఈ గట్టుది గాకుండా ఆ గుట్ట కింద గరుసు అయ్యుండాల... ఈ తూములో ఎడంపక్క రాయి కదిలింది. పండక్కి ముందే చూసుకోవాల... ఈ మడి ఆయన రాత్రుళ్ళు గట్టు తెగ్గొడతాడు. తిట్టి లాభంలేదు, ఆయనకి కిందగా ఒక గొట్టం పెట్టిస్తే మానేస్తాడు."

మొదట ఇంజినీరు ఊ కొట్టాడు. తర్వాత ఒకచోట ఆగి కర్రతో పొడిచి చూశాడు. ఇంకోచోట తనే అడిగాడు. "ఇక్కడెందుకు నీళ్ళు జారే వంపు ఇంత తక్కువ పెట్టావు?" పోలేరయ్య చెప్పాడు. ఇంజినీరు ఒప్పుకోలేదు. ఇద్దరూ రోడ్డు మధ్యలో నిలబడి వాదించుకున్నారు. ఇంజినీరు చెప్పిందే సరి అని తర్వాత తేలిందని పోలేరయ్య చాలాసార్లు చెప్పుకున్నాడు, నవ్వుతూ.

చప్టా దగ్గర రాళ్ళ మీద అడుగులేసి దాటారు. దాటేటప్పుడు పోలేరయ్య కాలు జారింది. కట్టు మీద ఎర్రగా మరక పాకింది. ఇంజినీరు చూశాడు.

"ఏమయ్యా ఆ కాలు?"

"అవతలి రాయి కాడ చెప్తాను సార్. ముందు మైలు చూడండి."

చివరి రాయి దగ్గర రోశయ్య ఎద్దుల బండితో నిలబడి ఉన్నాడు. పోలేరయ్య ఆగాడు. భుజం మీద పార దించాడు. రెండు చేతులా ఇంజినీరు ముందుకు చాపాడు.

"అప్పగించినాను సార్."

"ఏమిటిది?"

"సార్, వాడికి మతి లేదు" అన్నాడు రామనారాయణ. "సెలవు ఇవ్వలేదని ఎకసెక్కాలాడుతుండాడు."

"ఎకసెక్కం గాదు సార్. మా రోడ్డు మీద మైలు వదిలి పొయ్యేవాడు ఇట్టాగే అప్పగిస్తాడు. నలభైరెండులో పట్టాళానికి పోతా ఇదే మాదిరి ఈ రోశయ్యకి అప్పగించినాను. మీ ఆఫీసులో నన్ను పరారీ అని రాసినారు. యుద్ధంలో ఇనుము దిగింది కాల్లో. మద్రాసు పోవాల. సెలవడిగితే, పరారీ అయినమాట నిజమేనని సంతకం పెడితే ఇస్తామంటుండారు. నేను పెట్టను. గమ్మున పొమ్మంటుండారు. నేను గమ్మున పోను. అప్పుడు మావాళ్ళకి అప్పగిస్తే పరారీ అన్నారు గదా, ఈసారి మీకే అప్పగిస్తుండా. ఇప్పుడేం రాస్తారో రాయండి."

అంత పొడుగు మాట అతను అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదని పెంచలనరసయ్య తర్వాత అందరికీ చెప్పాడు.

"నువ్వు చూశావా?" అని ఇంజినీరు పెంచలనరసయ్యను అడిగాడు.

"చూసినా సార్. నా రాయి కాన్నుంచే మొదలైంది నడక. చెంచయ్య మేస్త్రీ అదిగో ఆ మలుపులో కూకోని ఉన్నాడు. బీడీ తాగతా."

"రామనారాయణా, ఈ రోశయ్య ఎప్పుడు చేరాడు?"

"నలభైరెండులోనే సార్. అదే నెల."

"ఎవరు పెట్టారు?"

"చెంచయ్య మేస్త్రీ పెట్టినట్టుండాది సార్. పరారీ అయినవాడి చోట బదులు అని."

"పరారీ అయ్యేవాడు తన చోట బదులు మనిషిని నిలబెట్టి, వాడికి తూములూ గట్లూ చూపించి పోతాడటయ్యా?"

రామనారాయణ గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

ఇంజినీరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "చూడు పోలేరయ్యా. రాసిన మాట నేను ఇక్కడ నిలబడి కొట్టెయ్యలేను. అది పైవాళ్ళు కొట్టెయ్యాలి. నేను రాస్తాను. వీళ్ళిద్దరి మాటా రాయించుకుంటాను. కొట్టేస్తారో లేదో చెప్పలేను. కాలు మాత్రం ఆగేట్టు లేదు. నువ్వు రేపే పో."

"పోతా సార్. సెలవు మీద పోతుండానా, గమ్మున పోతుండానా?"

"సెలవు మీదనే పోతున్నావు."

"అయితే మైలు తీసుకోండి సార్."

పార ఇంకా అతని రెండు చేతుల్లో అలాగే ఉంది. ఇంజినీరు చుట్టూ చూశాడు. రోశయ్య చూస్తున్నాడు. పెంచలనరసయ్య చూస్తున్నాడు. ఎద్దుల బండివాడు కూడా బండి మీంచి మెడ చాచి చూస్తున్నాడు. ఇంజినీరు కర్ర చంకలో పెట్టుకుని పార అందుకున్నాడు.

"తీసుకున్నాను" అన్నాడు. వెంటనే దాన్ని రామనారాయణ చేతిలో పెట్టాడు. "ఇదిగో, నీకు అప్పగించాను. ముందు ఆ చప్టా పూర్తి చేయించు. నా జీపు ఇంకా అవతలే ఉంది."

ఓవర్సీరు చేతిలో గొడుగూ పారా పట్టుకుని నిలబడ్డ తీరును ఆ రోడ్డు మీద చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు. పోలేరయ్య నవ్వలేదు. రోశయ్య భుజం పట్టుకుని, ఇంజినీరు కోసం పిలిపించిన బండి తానే ఎక్కాడు. చప్టా పని సగంలో వదిలి పోతున్నందుకు మాత్రం వెనక్కి తిరిగి, "కింద డొల్లలో పెద్ద రాళ్ళు ముందు దించురా, చిన్నవి తర్వాత" అని రోశయ్యకు చెప్పాడు.

మద్రాసులో కాలు కోసి ఇనుప ముక్కలు తీశారు. తిరుపాలమ్మ వెంట పోయింది. ఆ ముక్కలు ఇమ్మని ఆమె డాక్టరును అడిగిందట. ఆయన ఇచ్చాడట. ఆమె వాటిని ఆసుపత్రి బయట మురిక్కాలవలో పారేసి వచ్చింది. పోలేరయ్యకు చూపించలేదు. కాలు దక్కింది. పిక్క సన్నబడింది, చీము మళ్ళీ రాలేదు.

తిరిగొచ్చేసరికి ఆఫీసు నుంచి కాగితం సిద్ధంగా ఉంది. అతని పరిస్థితిని దయతో చూసి, కొత్తగా చేరినవాడైనా ప్రత్యేకంగా సెలవు మంజూరు చేశారట. జీతం కూడా ఇస్తారట. సంతకం పెట్టి తీసుకోవాలి. రామనారాయణే స్వయంగా మైలు మీదికి వచ్చి సంతోషంగా చదివి వినిపించాడు.

పోలేరయ్య సాంతం విన్నాడు. "ఆ 'కొత్తగా' అనేది ఉండాది గదయ్యా దాంట్లో."

"ఉంటే ఏందిరా? జీతం వస్తుండాది గదా!"

"వద్దయ్యా. తిప్పి పంపండి."

"నీకేమైనా పిచ్చా? దయతో ఇస్తే..."

"దయ వద్దని రాయండి. నేను అప్పగించి పోయినోణ్ణి. అంతే రాయండి."

ఇంటికొచ్చి చెబితే తిరుపాలమ్మ ఆ పూట అన్నం వడ్డించలేదు. ఖాళీ గిన్నె అతని ముందు పెట్టి, "పౌరుషం పెట్టుకోని తిను" అని చెరువుకు పోయింది. సెలవు రోజుల జీతం రాక ఆ యేడాది ఇల్లు చేపల మీదనే గడిచింది. రోశయ్య బియ్యం తెచ్చి పెట్టేవాడు. "బావా, నువ్వు కొత్తోడివో పాతోడివో నాకు తెలీదు గానీ నా కొంపకి మాత్రం పాత అప్పులోడివి" అని ఏడిపించేవాడు. ఊళ్ళో కొందరు మొండివాడన్నారు, కొందరు తిక్కవాడన్నారు. పోలేరయ్య తన మైలు తాను చూసుకున్నాడు. ఇంజినీరు ఎప్పుడు ఆ దారిన వచ్చినా రోడ్డు పక్కన నిలబడి ఒకటే అడిగేవాడు. "సార్, కొట్టేసినారా?" ఇంజినీరుకు బదిలీ అయ్యింది. వచ్చిన కొత్త ఇంజినీరునూ అదే అడిగాడు. ఆయనకు ఏమీ తెలియదు. పోలేరయ్య మొదట్నుంచి చెప్పాడు. రోశయ్యా, పెంచలనరసయ్యా మళ్ళీ ఆత్మకూరుకు పోయి మళ్ళీ చెప్పారు.

యాభైరెండులో కొట్టేశారు. నలభైరెండు నుంచి నలభైఆరు దాకా అతను పరారీలో లేడని, సెలవు మీద సైన్యంలో పనిచేశాడని, మొదట చేరిన నాటి నుంచీ అతని పని లెక్కలోకి వస్తుందని ఉత్తర్వు. మద్రాసు సెలవు, జీతంతో సహా, పాతవాడి సెలవైంది. పోలేరయ్య ఆ కాగితాన్ని నారాయణయ్య చేత ఒకసారి, ఉదయగిరి బడి పంతులు చేత ఒకసారి చదివించుకున్నాడు. ఇద్దరూ ఒకటే చదివారు. అప్పుడు సంతకం చేశాడు. సంతకం చేసి ఇంటికి పోలేదు. పొద్దు ఇంకా ఉందని మైలు మీదికి పోయి కాలవ పూడిక తీశాడు.

ఆ తర్వాత పట్టాళం నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు అతని దగ్గరికి వచ్చేవారు. అడవి శాఖలో గార్డు ఒకతను, ఏటిగట్టు మీద పనిచేసే లస్కరు ఒకతను. ఎట్టా సాధించినావు అని అడిగేవారు. పోలేరయ్య చెప్పేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. "మొహమాటపడి దొడ్డిదోవన పోవద్దు. ముందు దోవనే అడగండి. ఇయ్యకపోతే ఆడే నిలబడండి" అనేవాడు. లస్కరు తన గాయం గురించి చాలాసేపు చెప్పబోతే, "అది నాకు చెప్తే ఏం లాభం? మీ ఓవర్సీరుకి చెప్పు" అని పార తీసుకుని లేచాడు.

యాభైఆరులో అనుమసముద్రంపేట దర్గాలో గంధం పండగ వచ్చింది. మొగుడి కాలు దక్కితే వచ్చి చక్కెర పంచుతానని తిరుపాలమ్మ మద్రాసులో ఉండగానే మొక్కుకుందట. అతనికి చెప్పలేదు. ఏడేళ్ళ తర్వాత చెప్పింది. అడిగితే, "నీ పౌరుషం తీరి, మన అప్పులు తీరేదాకా ఆగినా. దర్గా ఫకీరు తొందరపడేవాడు కాదులే" అంది.

రెండు రోజులు పోవాలి. అప్పటికి రామనారాయణ పోయి కొత్త ఓవర్సీరు వచ్చాడు. పేరు వెంకటరమణయ్య, నిండా పాతికేళ్ళు లేవు. పోలేరయ్య గురించి విని ఉన్నాడు, కొంచెం భయం కూడా ఉంది. అడగడానికి వచ్చినవాణ్ణి కూర్చోమన్నాడు.

"రెండు రోజులే గదా పెద్దాయనా. దీనికి కాగితం ఎందుకు? పొయ్యి రా. నేను కళ్ళు మూసుకుంటాను."

పోలేరయ్య కూర్చోలేదు.

"మీరు కళ్ళు మూసుకోవద్దు సార్" అన్నాడు. "తెరిచే ఉంచండి. నేను పొయ్యేది చూడండి, వచ్చేది చూడండి. సెలవు రాసి ఇవ్వండి."

"అది కాదు పెద్దాయనా, ఎందుకు అనవసరంగా నీ సెలవులు తగ్గించుకుంటావు? ఉంటే రేపు అక్కరకొస్తాయి."

"తగ్గితే తగ్గనీ సార్. నావి గదా తగ్గేది."

వెంకటరమణయ్య బల్ల సొరుగు లాగి కాగితం తీశాడు. బయట చింతచెట్టు కింద తిరుపాలమ్మ చక్కెర పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ళు ఎక్కవలసిన, సంగం వైపు పోయే బస్సు హారన్ కొట్టింది. పోలేరయ్య తల తిప్పలేదు. ఓవర్సీరు రాసేదాకా బల్ల ముందే నిలబడ్డాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వస్తుంది.